గట్టు తగాదా, కర్రదెబ్బ, విరిగిన చెయ్యి: ఫిర్యాదు నుంచి తీర్పు దాకా కేసు ఎలా నడుస్తుంది?

రెండో ఏడాది లా

పుస్తకంలో సెక్షన్లు విడివిడిగా ఉంటాయి, కోర్టులో మాత్రం అన్నీ ఒకే కట్టలో వస్తాయి. అందుకే ఒక ఊహా కేసు పెడుతున్నాను. తెలిసినవాళ్లు దశలవారీగా చెప్పండి.

2025 జూన్, ఉదయం ఏడింటికి. రెండు చేల మధ్య గట్టును పడమటి చేను రైతు ట్రాక్టరుతో దున్నించాడు. తూర్పు చేను రైతు వెళ్లి అడిగాడు. మాటామాటా పెరిగింది. పడమటాయన (ఏ1, అంటే మొదటి ముద్దాయి) కర్రతో కొడితే తూర్పాయన ఎడమ ముంజేతి ఎముక విరిగింది. ఏ1 తమ్ముడు (ఏ2) అప్పుడు ఫిర్యాదిని పట్టుకున్నాడంటున్నారు. చుట్టుపక్కల చేలవాళ్లు ఇద్దరు చూశారు. ఫిర్యాదు మర్నాడు సాయంత్రం అందింది.

ఏ సెక్షన్లు పడతాయి? అరెస్టు ఉంటుందా? ఏ కోర్టులో, ఏ పద్ధతిలో విచారణ? రాజీ కుదురుతుందా? ఇలాంటి కేసులు ఎక్కడ పోతాయి?

తెనాలి వకీలు

ముందు సెక్షన్లు తేలాలి, మిగతావన్నీ వాటి వెనకే వస్తాయి.

ఎముక విరిగింది కాబట్టి న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి) 116 ప్రకారం అది తీవ్ర గాయం. కానీ ఎముక విరిగినంత మాత్రాన 117(2) (కావాలని తీవ్ర గాయం చేయడం) రుజువైనట్టు కాదు. తీవ్రమైన గాయం చేయాలనే ఉద్దేశం ఉండాలి, లేదా అలా అయ్యే అవకాశం ఉందని తెలిసి కొట్టి ఉండాలి. తోపులాటలో కిందపడి విరిగితే లెక్క మారిపోతుంది. శిక్ష ఏడేళ్ల వరకు, జరిమానా కూడా. కాగ్నిజబుల్ (పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు), బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరుకుతుంది).

కర్ర 'ప్రమాదకర ఆయుధం' అయితే 118(2). అందులో కనీసం ఏడాది, పదేళ్ల దాకా, లేదా యావజ్జీవం. నాన్‌బెయిలబుల్. కర్ర అనగానే 118 పడదు. ఆయుధంగా వాడితే ప్రాణం పోయేంత అవకాశం ఉన్న వస్తువు అయ్యుండాలి. పొడవెంత, లావెంత, చివర ఇనుప పొన్ను ఉందా, తల మీద కొట్టాడా చేతి మీదా, ఇవన్నీ చూస్తారు. పశువులను తోలే బెత్తం లాంటి కర్రకీ చేవదేలిన దుడ్డుకర్రకీ తేడా ఉంది. పంచనామాలో కొలతలు రాయకపోతే ఆ తేడా రికార్డులోకి రాదు, 118 అక్కడే బలహీనపడుతుంది.

ఏ2 మీద 3(5), అంటే ఉమ్మడి ఉద్దేశం. అందులో పాత్ర ఒక్క విషయం మీద నిలబడుతుంది: దెబ్బకు ముందు పట్టుకున్నాడా, తర్వాతా? ముందు పట్టుకుంటే కొట్టడానికి సాయం. తర్వాత పట్టుకుంటే విడదీయడానికి వచ్చాడనే వాదన నిలుస్తుంది. ఫిర్యాదులో ఆ వరస లేకపోతే ఏ2 దాదాపు బయటపడినట్టే.

సెక్షన్ల సంచి

109 (హత్యాయత్నం) కూడా పెట్టమని ఫిర్యాదుదారులు పట్టుబడుతుంటారు. ముంజేతి మీద ఒక్క దెబ్బకు అది నిలవదు. పైగా 109 పెడితే కేసు సెషన్స్‌కు వెళ్తుంది, ముందు మేజిస్ట్రేటు దగ్గర పి.ఆర్.సి. నంబరు, కమిటల్ (సెషన్స్‌కు అప్పగించడం), మళ్లీ అక్కడ ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు. కాలం పెరిగి చివరికి 117 దగ్గరే ఆగుతుంది.

కొత్తగా చేరాను

అన్నా, ఘటన 2024 మేలో జరిగి ఫిర్యాదు ఇప్పుడిస్తే ఏ చట్టం?

సెక్షన్ల సంచి

నేరం జరిగిన తేదీని బట్టి శిక్షాస్మృతి. 2024 జులై 1కి ముందు జరిగితే ఐపీసీ 325, 326. ఎఫ్ఐఆర్, దర్యాప్తు మాత్రం నాగరిక సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం. అప్పటికే నడుస్తున్న దర్యాప్తులు, విచారణలు, అప్పీళ్లు పాత సీఆర్‌పీసీ ప్రకారమే పూర్తవుతాయని సురక్షా సంహిత 531(2) చెబుతోంది. ఆ తేదీకి ముందు జరిగినదానికి న్యాయ సంహిత సెక్షన్లు వేస్తే ఛార్జి దశలోనే అభ్యంతరం వస్తుంది.

పాత రికార్డు

ఫిర్యాదు గురించి. ఇలాంటి కేసులు ఎక్కువగా పోయేది ఇక్కడే, కోర్టుహాల్లో కాదు.

ఫిర్యాదులో ఉండాల్సినవి: తేదీ, గంట, స్థలం (సర్వే నంబరు తెలిస్తే అది కూడా), ఎవరు, దేనితో, ఒంటి మీద ఎక్కడ, ఎన్ని దెబ్బలు, ఎవరు చూశారు, ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్లారు. 'అందరూ కలిసి విచక్షణారహితంగా కొట్టారు' అనే వాక్యం స్టేషన్ బయట టైపు చేసేవాళ్ల దగ్గర తయారుగా ఉంటుంది. అది రాస్తే ఎవరి దెబ్బ ఎవరిదో తేలదు. తర్వాత సాక్ష్యంలో 'ఏ1 కర్రతో ఎడమ చేతి మీద' అని చెబితే, ఆ సంగతి మొదట్లోనే ఎందుకు చెప్పలేదని క్రాస్‌లో (ఎదుటి లాయరు ప్రశ్నలప్పుడు) పట్టుకుంటారు.

ఈ కేసులో దాదాపు ఒకటిన్నర రోజు ఆలస్యం ఉంది. ఆలస్యమే కేసును చంపదు, వివరణ లేని ఆలస్యం చంపుతుంది. చికిత్సలో ఉన్నాడు, పెద్దమనుషుల్లో పెట్టారు, కుదరలేదు: కారణం ఏదైనా ఫిర్యాదులోనే ఒక వాక్యం ఉండాలి. ఏడాది తర్వాత బోనులో గుర్తొస్తే లాభం లేదు.

ఎఫ్ఐఆర్ ప్రతి మేజిస్ట్రేటుకు వెళ్తుంది. దాని మీద మేజిస్ట్రేటు సంతకం, అందిన తేదీ, గంట ఉంటాయి. డిఫెన్స్ లాయరు మొదట చూసేది అదే. స్టేషన్లో నమోదైన సమయానికీ అక్కడ అందిన సమయానికీ మధ్య కారణం లేని ఖాళీ ఉంటే, 'ఈలోగా కూర్చుని పేర్లు చేర్చారు' అనే వాదన సిద్ధం.

కొత్తగా చేరాను

పోలీసులు పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేశాకే ఎఫ్ఐఆర్ వేస్తామనొచ్చు కదా కొత్త చట్టంలో?

తెనాలి వకీలు

ఈ కేసులో కుదరదు. సురక్షా సంహిత 173(3) వర్తించేది మూడేళ్లు లేదా అంతకు పైబడి, *ఏడేళ్ల కన్నా తక్కువ* శిక్ష ఉన్న నేరాలకు. దానికి డీఎస్పీ అనుమతి కూడా కావాలి. 117(2)లో శిక్ష ఏడేళ్ల *వరకు*. కాబట్టి ఆ కిటికీలో పడదు. కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ వేసి తీరాలని లలితా కుమారి కేసులో 2013 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పినదే ఇక్కడ వర్తిస్తుంది.

అదే ఏడేళ్లు అరెస్టు దగ్గర ఇంకోలా పనిచేస్తాయి. సురక్షా సంహిత 35లో 'ఏడేళ్ల కన్నా తక్కువ లేదా ఏడేళ్ల వరకు' అని ఉంది. కాబట్టి 117(2) అందులోకి వస్తుంది. అర్నేష్ కుమార్ తీర్పు (2014) తర్వాత, ఇలాంటి నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. 35(3) నోటీసు ఇచ్చి పిలవడమే మామూలు. నోటీసు ప్రకారం హాజరవుతూ ఉంటే అరెస్టు ఉండదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది.

పాత రికార్డు

ఎఫ్ఐఆర్ వేయకపోతే దారి కూడా చెప్పేయాలి. ముందు స్టేషన్. తర్వాత 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా, పోస్టులో పంపి రశీదు దాచుకోవాలి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గర 175(3) దరఖాస్తు, అఫిడవిట్‌తో సహా. ఎస్పీకి పంపిన ఆధారం జత చేయకపోతే దరఖాస్తు అక్కడే వెనక్కి వస్తుంది. గాయపడినవాడు వేరే జిల్లా ఆస్పత్రిలో ఉంటే అక్కడి స్టేషన్లోనే జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా నమోదు చేసేది) ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి.

మెడికో లీగల్

వైద్యం వైపు నుంచి. ఇక్కడ మూడు కాగితాలుంటాయి. మూడూ ఒకే కథ చెప్పాలి.

మొదటిది క్యాజువాలిటీలోని యాక్సిడెంట్ రిజిస్టరు. గాయపడినవాడు డాక్టరుకు చెప్పిన మొదటి మాట అందులో ఉంటుంది: ఎన్నింటికి, ఎక్కడ, ఎవరు, దేనితో. కంగారులో తోడొచ్చినవాడు 'గట్టు మీద జారిపడ్డాడు' అన్నాడా, ఆ ముక్క ఎక్కేస్తుంది. ఆస్పత్రిలో పోలీసు కేసంటే ఆలస్యమవుతుందని అలా చెప్పేవాళ్లు చాలామంది. తర్వాత ఆ రిజిస్టరును డిఫెన్స్ పిలిపిస్తుంది.

రెండోది గాయాల సర్టిఫికెట్. గాయం కొలత, రంగు, ఎంత పాతది, ఎలాంటి వస్తువుతో అయి ఉండొచ్చు, చివర్లో సాధారణమా తీవ్రమా అనే అభిప్రాయం.

మూడోది ఎక్స్‌రే. చాలా 117(2) కేసులు 115(2)కి (మామూలు గాయం) పడిపోయేది దీనివల్లే. సర్టిఫికెట్లో 'ఫ్రాక్చర్, తీవ్ర గాయం' అని ఉంటుంది, ఎక్స్‌రే ఫిల్ము ఫైల్లో ఉండదు, రేడియాలజిస్టు సాక్షుల జాబితాలో ఉండడు. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు 'ఎక్స్‌రే రిపోర్టు చూసి రాశాను' అంటారు. ఆ రిపోర్టు ఎవరిచ్చారు, ఫిల్ము మీద పేరు, నంబరు, తేదీ ఎవరివి అని అడిగితే జవాబు ఉండదు. ఫిల్ము లేకుండా ఎముక విరిగిందని నమ్మమంటే కోర్టు వెనకాడుతుంది. ప్రైవేటు ఆస్పత్రిలో కట్టు కట్టించుకుంటే మరీ జాగ్రత్త: అసలు ఫిల్ము లేదా సీడీ, డిశ్చార్జి సమ్మరీ దర్యాప్తు అధికారికి ఇచ్చి రశీదు తీసుకోవాలి.

ఇంకొకటి. స్వాధీనం చేసుకున్న కర్రను డాక్టరుకు చూపించి 'ఈ వస్తువుతో ఈ గాయం అవుతుందా' అని అడగాలి. కర్ర ప్రాపర్టీ గదిలో మూలన ఉంటుంది, డాక్టరు సాక్ష్యం రోజు ఎవరూ పైకి తేరు.

నాంపల్లి నోట్సు

కర్ర స్వాధీనం గురించి. పోలీసుల ముందు ముద్దాయి చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు (సాక్ష్య అధినియమం 23). కానీ అతను చెప్పిన సమాచారం వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి నేరుగా సంబంధించినంత మేరకు చెల్లుతుంది. 'నేను కొట్టిన కర్రను పశువుల కొట్టంలో దాచాను, చూపిస్తాను' అన్న వాక్యంలో కొట్టంలో ఉంది, చూపిస్తాను అన్నంతవరకే. 'నేను కొట్టిన' అన్నది తీసేయాలి. మధ్యవర్తుల (స్వాధీనానికి సాక్షులుగా పెట్టినవాళ్ల) నివేదికలో మొత్తం వాక్యాన్ని ఎగ్జిబిట్‌గా మార్క్ చేయబోతే డిఫెన్స్ అప్పుడే లేచి అభ్యంతరం చెప్పాలి.

మధ్యవర్తులుగా ఎక్కువగా వీఆర్వోనో ప్రభుత్వ ఉద్యోగినో పెడతారు, ఊరివాళ్లయితే అడ్డం తిరుగుతారని. అందరికీ అందుబాటులో ఉన్న చోట, ఎవరికైనా కనిపించేలా పడివున్న కర్రకు ఈ సెక్షన్ పెద్దగా బలం ఇవ్వదు. ఇప్పుడు సోదా, స్వాధీనం వీడియో తీయాలని సురక్షా సంహిత 105 చెబుతోంది. వీడియో ఎందుకు లేదన్నది కొత్త ప్రశ్న అయింది.

రెండో ఏడాది లా

పక్క చేనువాళ్ల అబ్బాయి ఫోన్లో వీడియో తీశాడనుకుందాం?

నాంపల్లి నోట్సు

తీసిన ఫోనే ముఖ్యం. వాట్సాప్‌లో వచ్చిన కాపీని పెన్‌డ్రైవులో ఎక్కించి ఇస్తే ఎవరు, ఎప్పుడు తీశారో చెప్పే సాక్షి ఉండడు, నాణ్యత కూడా తగ్గిపోతుంది. అసలు ఫోను స్వాధీనం చేసుకోవాలి, లేదా దాన్నుంచి కాపీ తీసి సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ జత చేయాలి. కొత్త చట్టంలో ఆ సర్టిఫికెట్‌కు రెండు భాగాలు: ఎ భాగం పరికరం చేతిలో ఉన్నవాళ్లు, బి భాగం నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్య) రాయాలి. అర్జున్ పండిత్‌రావ్ కేసులో (2020) సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారు, అది పాత సాక్ష్య చట్టం 65బి మీద. పద్ధతి అదే. వీడియో తీసిన అబ్బాయిని సాక్షిగా వేయడం మరిచిపోవద్దు.

తెనాలి వకీలు

ఇప్పుడు విచారణ.

దర్యాప్తు అయ్యాక సురక్షా సంహిత 193 కింద ఛార్జిషీటు. మేజిస్ట్రేటు కాగ్నిజన్స్ తీసుకుంటే (నేరాన్ని విచారణకు స్వీకరిస్తే) సి.సి. (మేజిస్ట్రేటు కోర్టు కేసు) నంబరు పడుతుంది, ముద్దాయిలకు సమన్లు వెళ్తాయి. ముద్దాయి హాజరైన 14 రోజుల్లోపు కాగితాల నకళ్లు ఉచితంగా ఇవ్వాలి (230). బాధితుడు లాయరును పెట్టుకుంటే అతనికీ ఇవ్వాలి. ఇది కొత్తగా వచ్చింది, చాలామంది అడగరు. నకళ్లు తీసుకున్నట్టు సంతకం పెట్టేముందు పేజీలు లెక్కపెట్టుకోండి. ఎక్స్‌రే రిపోర్టు, రఫ్ స్కెచ్, మధ్యవర్తుల నివేదిక తరచూ మిస్సవుతాయి.

రెండేళ్లకు మించి శిక్ష ఉంటే వారంట్ కేసు, లేకపోతే సమన్స్ కేసు. 117(2) వారంట్ కేసు. నకళ్లు అందిన 60 రోజుల్లోపు డిశ్చార్జి (విచారణ లేకుండానే విడుదల) పిటిషన్ వేయాలి (262). ఛార్జి మీద మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో ఛార్జి రాయాలి (263). ఛార్జిషీటు పోలీసులది, ఛార్జి కోర్టుది. పోలీసులు 118(2) వేసినా కాగితాల్లో కర్ర గురించి ఏమీ లేకపోతే కోర్టు 117(2) మాత్రమే రాయొచ్చు. ముద్దాయి తరఫున ఇక్కడ వాదించకుండా 'నాట్ గిల్టీ' చెప్పి ఊరుకుంటే ఆ నాన్‌బెయిలబుల్ సెక్షన్ చివరిదాకా మెడకు వేలాడుతుంది.

118(2) యావజ్జీవం దాకా ఉన్నా విచారించేది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటే. ఆయన వేయగలిగేది మూడేళ్లు, 50 వేల జరిమానా. అంతకన్నా కఠినంగా ఉండాలనిపిస్తే తన అభిప్రాయం రాసి 364 కింద చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి.

సెక్షన్ల సంచి

బెయిల్ చిక్కు కూడా అక్కడే. 480(1)లో మరణశిక్ష లేదా యావజ్జీవం ఉన్న నేరమంటే మేజిస్ట్రేటు చేతులు కట్టేసినట్టుంటుంది (మహిళలు, పిల్లలు, రోగులకు మినహాయింపు). అందుకే 118(2) పడగానే కొన్ని కోర్టుల్లో మేజిస్ట్రేటు బెయిల్ తిరస్కరిస్తారు, సెషన్స్‌లో 483 కింద వస్తుంది. అదే 117(2) ఒక్కటే అయితే స్టేషన్లోనే జామీను.

పాత రికార్డు

సాక్ష్యం రోజు ఏం జరుగుతుందో ఒక ముక్క దగ్గరగా చూద్దాం.

పోలీసులకు సురక్షా సంహిత 180 కింద ఇచ్చిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదు (181). దాన్ని ప్రాసిక్యూషన్ తన సాక్షిని బలపరచుకోవడానికి వాడకూడదు. విరుద్ధంగా చెప్పినట్టు చూపడానికే వాడొచ్చు. మన కేసులో ఫిర్యాది బోనులో 'ఏ2 నా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు, అప్పుడు ఏ1 కొట్టాడు' అన్నాడు. 180 వాంగ్మూలంలో ఏ2 పట్టుకున్న ఊసే లేదు. క్రాస్ తర్వాత డిపోజిషన్లో (కోర్టు రాసుకున్న సాక్ష్యంలో) ఇలా ఉంటుంది:

'ఏ2 నా చేతులు పట్టుకున్నాడని నేను పోలీసులతో చెప్పలేదనుట నిజం కాదు.'

ఇక్కడితో ఏమీ రుజువు కాలేదు. సాక్షి కాదన్నాడంతే. చివర్లో దర్యాప్తు అధికారి (ఐ.ఓ.) పీడబ్ల్యు8గా, అంటే ప్రాసిక్యూషన్ ఎనిమిదో సాక్షిగా వచ్చినప్పుడు ఇది అడగాలి:

'ఏ2 తన చేతులు పట్టుకున్నట్లు పీడబ్ల్యు1 నా విచారణలో చెప్పలేదన్నది నిజమే.'

ఈ రెండు వాక్యాలూ రికార్డులో ఉంటేనే ఆ లోపం లోపంగా నిలుస్తుంది. మొదటిది అడిగి రెండోది మరిచిపోవడం జూనియర్లలో చాలా మామూలు. మధ్యలో ఏడాది గడుస్తుంది, కట్ట చేతులు మారుతుంది. అందుకే ఫైలు అట్ట లోపలివైపు 'ఐ.ఓ.ను అడగాల్సినవి' అని రాసిపెట్టుకునేవాళ్లు ఉంటారు. వాంగ్మూలంలో వేరేగా చెప్పిన ముక్క ఉంటే, ముందు సాక్షి దృష్టికి ఆ భాగాన్నే తేవాలి (అధినియమం 148), తర్వాత అధికారి ద్వారా రుజువు చేసి డి-1గా (డిఫెన్స్ మొదటి ఎగ్జిబిట్‌గా) మార్క్ చేయించాలి.

ప్రతి చిన్న లోపమూ వైరుధ్యం కాదు. కర్ర తుమ్మదా సరివిదా అని పోలీసులకు చెప్పకపోతే ఏ జడ్జీ పట్టించుకోరు. ఏ2 పాత్రే చెప్పకపోతే మాత్రం అది కేసు మూలం.

కొత్తగా చేరాను

ఏ1 చేతికి కూడా గాయం ఉంటే?

తెనాలి వకీలు

అయితే కౌంటరు కేసు (అదే ఘటన మీద ఎదుటివాళ్లు పెట్టిన కేసు) ఉంటుంది. పల్లెల్లో ఇలాంటి కేసులు జంటగానే వస్తాయి. రెండు కేసులూ ఒకే జడ్జి ముందు, ఒకదాని వెంట ఒకటి విచారించాలి. మొదటి కేసులో సాక్ష్యం, వాదనలు ముగించి తీర్పు ఆపుతారు. రెండోదీ అలాగే వింటారు. తీర్పులు ఒకే రోజు చెబుతారు. ఒక కేసు సాక్ష్యాన్ని రెండో కేసులో చదవకూడదు. నాథీలాల్ (1990), సుధీర్ (2001) తీర్పులు ఈ పద్ధతికే. ఒకటి మేజిస్ట్రేటు కోర్టులో, ఇంకోటి సెషన్స్‌లో పడితే మొదటిదాన్నీ సెషన్స్‌కు పంపమని పిటిషన్ వేయాలి. ఎవరూ వేయరు, అప్పీల్లో గుర్తొస్తుంది.

ముద్దాయి ఒంటి మీది గాయాలకు ప్రాసిక్యూషన్ వివరణ ఇవ్వకపోతే, వాళ్లు ఘటన మొదలును దాచారనే అనుమానం వస్తుంది. గీతలు పడ్డంత గాయాలకు ఇది వర్తించదు.

ఆత్మరక్షణ వాదన ఉంటే క్రాస్ నుంచే పెట్టాలి. గట్టు తనదే, చొరబడినవాణ్ని ఆపాను అంటే ఆస్తి రక్షణ హక్కు ఉంటుంది, కానీ అవసరానికి మించి హాని చేసే హక్కు లేదు (న్యాయ సంహిత 37). రుజువు భారం ముద్దాయిదే అయినా సందేహాతీతంగా చూపక్కర్లేదు, ఎక్కువ నమ్మశక్యంగా ఉంటే చాలు. సర్వేయరు రిపోర్టు, అడంగల్ లాంటివి అప్పుడే పనికొస్తాయి.

నాంపల్లి నోట్సు

సురక్షా సంహిత 351 పరీక్షను (సాక్ష్యం మీద జడ్జి ముద్దాయినే అడగడం) ఒక తంతులా చూస్తారు. జడ్జి ప్రతికూల సాక్ష్యాన్ని ఒక్కొక్కటిగా అడుగుతారు, ముద్దాయి 'అబద్ధం, అబద్ధం' అని దిగిపోతాడు. ప్రమాణం ఉండదు, మౌనంగా ఉండొచ్చు, రాతపూర్వక వివరణ ఇవ్వొచ్చు. తన గాయం సంగతి, ఆ రోజు ముందు ఎవరు గట్టు మీదికొచ్చారన్నది చెప్పుకోవడానికి ముద్దాయికి నేరుగా దొరికే చోటు ఇదే. జడ్జి అడగని పాయింటు మీద శిక్ష వేస్తే అది అప్పీల్లో బలహీనత.

గుమస్తా గారు

వాయిదాల సంగతి చెప్పండి ఎవరైనా! ముద్దాయి రాకపోతే అదే రోజు లాయరు ద్వారా 355 పిటిషన్, కారణంతో. ఊరికే 'ఒంట్లో బాగోలేదు' కన్నా ఓపీ చీటీ జత చేస్తే మేలు. పిటిషన్ లేకుండా మానేస్తే ఎన్.బి.డబ్ల్యు. (నాన్‌బెయిలబుల్ వారంట్). అది అమలయ్యేలోపు తనే వచ్చి 72(2) కింద రీకాల్ పిటిషన్ వేస్తే సాధారణంగా కొంత ఖర్చులు వేసి రద్దు చేస్తారు. నెలలు గడిచాక వస్తే రిమాండే. ఇద్దరిలో ఒకడు పారిపోతే కేసు విడగొట్టి ఉన్నవాడి మీద నడుపుతారు.

సాక్షులకు సమన్లు కోర్టు కానిస్టేబుల్ తెస్తాడు. పేరు పక్కన తండ్రి పేరు, ఊరు తప్పుంటే 'చిరునామాలో లేడు' అని తిరిగొస్తాయి.

రెండో ఏడాది లా

రాజీ మిగిలింది. ఊరివాళ్లు కూర్చోబెట్టి వైద్యం ఖర్చు ఇప్పిస్తే?

సెక్షన్ల సంచి

సెక్షన్ బట్టి. సురక్షా సంహిత 359 పట్టికల్లో 115(2) గాయపడినవాడి ఇష్టంతో కలిసిపోతుంది. 117(2)కు కోర్టు అనుమతి కావాలి. ఇద్దరూ, లాయర్లూ సంతకం పెట్టిన పిటిషన్, గాయపడినవాడు స్వయంగా వచ్చి ఒప్పుకోవాలి. అనుమతి వస్తే దాని ఫలితం నిర్దోషిగా విడుదలతో సమానం. లోక్ అదాలత్‌లోనూ చేసుకోవచ్చు.

118 ఉంటే ఆ పట్టికల్లో లేదు. మేజిస్ట్రేటు అనుమతించలేరు. హైకోర్టులో 528 కింద కొట్టివేత పిటిషన్ వేయాలి, జ్ఞాన్‌సింగ్ తీర్పు (2012) ఆధారం. అమరావతికో హైదరాబాదుకో ఖర్చు, సమయం. అందుకే ఛార్జి దశలో 118 పోవడం మీద అంత పట్టుదల.

కోర్టు బయట రాజీపడి బోనులో 'ఎవరు కొట్టారో చూడలేదు' అనేవాళ్లు ఉంటారు. ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) కోర్టు అనుమతి తీసుకుని తన సాక్షినే క్రాస్ చేస్తారు (అధినియమం 157). అడ్డం తిరిగినా సాక్ష్యమంతా చెత్తబుట్టలో పడదు, నమ్మదగిన భాగం వాడుకోవచ్చు. ఫిర్యాది ముందే 183 కింద మేజిస్ట్రేటు దగ్గర ప్రమాణం చేసి చెప్పి ఉంటే, తప్పుడు సాక్ష్యం మీద 379 కింద చర్యకు దారి ఉంటుంది. చట్టబద్ధంగా కలిపేసుకునే వీలున్నప్పుడు అబద్ధం చెప్పించడం తెలివితక్కువ పని.

కొత్తగా చేరాను

ఫిర్యాది తన లాయరుతో వాదించుకోవచ్చా, ఏపీపీ ఉన్నా?

తెనాలి వకీలు

ఏపీపీకి సహాయంగా, ఆయన సూచనల మేరకే. నోటి వాదన ఏపీపీదే. సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదనలు ఇవ్వొచ్చు. ఆ లాయరు చేయగలిగిన అసలు పని ముందుంది: ఎక్స్‌రే ఫిల్ము వచ్చిందా, కర్ర కోర్టుకు చేరిందా, రేడియాలజిస్టుకు సమన్లు వెళ్లాయా అని ప్రతి వాయిదాకూ చూడటం.

రెండో ఏడాది లా

ఏ1కి 117(2)లో ఏడాది శిక్ష పడి, ఏ2 విడుదలైతే ఆ సాయంత్రం ఏం జరుగుతుంది?

తెనాలి వకీలు

శిక్ష మీద విన్నప్పుడే మొదటి నేరమైతే ప్రొబేషన్, అంటే జైలు బదులు మంచి నడవడి పూచీ మీద విడుదల (1958 చట్టం సెక్షన్ 4, లేదా 401) అడగాలి. పరిహారం చెల్లిస్తామని ముందుకొస్తే అది తేలికవుతుంది. 395 కింద జరిమానాలోంచి ఫిర్యాదికి ఇప్పించొచ్చు.

శిక్షే పడితే, మూడేళ్లు మించలేదు, ముద్దాయి బెయిల్‌పై ఉన్నాడు, అప్పీలు వేస్తానన్నాడు కాబట్టి శిక్ష వేసిన కోర్టే 430(3) కింద అప్పీలు వేసేంత గడువుకు బెయిల్ ఇస్తుంది. జామీనుదారులు ఆ రోజు కోర్టులోనే ఉండాలి, లేకపోతే రాత్రి సబ్‌జైల్లో. తీర్పు నకలు ముద్దాయికి ఉచితంగా వెంటనే ఇవ్వాలి. అప్పీలు సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లో.

ఏ2 విడుదల మీద ఫిర్యాది 413 కింద సొంతంగా అప్పీలు వేసుకోవచ్చు, అది కూడా సెషన్స్‌కే. అక్కడ మొదట తెరిచేది పీడబ్ల్యు8 క్రాస్. ఏ2 గురించి ఆ రెండో వాక్యం ఉందా లేదా అని.

గుమస్తా గారు

సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు తీర్పు రోజే పెట్టండి. కాపీ తయారీకి పట్టిన రోజులు 30 రోజుల్లోంచి మినహాయిస్తారు, కానీ దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే ఆ లెక్క.